గాలిలో అడుగు మార్చు గుఱ్ఱము

2023 సెప్టెంబరులో చైనాదేశమందలి హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా అను నలుగురు భారతీయ యువజనులు డ్రెస్సేజ్ అనబడు అశ్వవిన్యాసపు పోటీలో జట్టుగా స్వర్ణపతకమును గెలుచుకొని, 1982 నాటి ఢిల్లీ క్రీడల పిమ్మట 41 సంవత్సరములుగా అశ్వక్రీడలలో మనకు దక్కకయున్న బంగారమును మరల తెచ్చిరి. ఆ పోటీని టెలివిజన్‌లో చూచిన మనవారిలో గుఱ్ఱపు పందెములు తప్ప వేఱొక అశ్వవిద్య నెఱుగనివారే హెచ్చు గనుక, ఇసుక పఱచిన దీర్ఘచతురస్రపు మైదానములో ఒక మూలనుండి మఱియొక మూలకు పరుగెత్తుచున్న గుఱ్ఱము నడుమ నడుమ ఏదో లయకు లోబడినట్లు ఎగిరి అడుగు మార్చుటయు, ఆ మార్పు జరిగినపుడు రౌతు చేతులు గాని భుజములు గాని ఇసుమంతయు కదలినట్లు కనబడకపోవుటయు వారికి విస్మయమును కలిగించి యుండును. అశ్వవిద్యలో ఈ అడుగుమార్పును ‘ఫ్లయింగ్ చేంజ్’ అందురు. చూచుటకు రెప్పపాటులో ముగియు నీ పనికి వెనుక కొన్ని యేండ్ల సాధన యుండును. ఆ సాధన యెట్టిదో, అందు గుఱ్ఱము నేర్చునది యెంతయో, మనుష్యుడు నేర్చునది యెంతయో తెలిసికొనదగినదని నా నమ్మకము.

గుఱ్ఱపు గతులను గమనించుట మన పూర్వులకు క్రొత్త కాదు. అమరసింహుడు తన కోశములో ఆస్కందితము మొదలుకొని ప్లుతము వఱకు అయిదు గతులను పేర్కొని వానికి ధారలని నామకరణము చేసెను. శాలిహోత్రుని పేర సంస్కృతమున అశ్వశాస్త్రము వెలసెను. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను గ్రంథమును పద్యములలోనే రచించెను. నేటి డ్రెస్సేజ్ విద్య మాత్రము ఐరోపాఖండమున, ముఖ్యముగా ఇటలీ, ఫ్రాన్స్, ఆస్ట్రియా, జర్మనీ దేశముల రాజాశ్వశాలలలో పెరిగినది. అందు నడక, ట్రాట్, క్యాంటర్ అను మూడు గతులకే ప్రాధాన్యము.

మొదటి రెండు గతులలోను గుఱ్ఱపు కుడియెడమ పార్శ్వములు సమానముగా పనిచేయును. క్యాంటర్‌లో అట్లు గాదు. అందు ప్రతి అంగకును మూడు డెక్కల చప్పుళ్లు వినబడి, వెంటనే ఒక చిన్న నిశ్శబ్దము వచ్చును. గుఱ్ఱము కుడి లీడ్‌లో పరుగెత్తుచున్నదనుకొందము. మొదట వెనుక ఎడమకాలు నేల మోపును. పిదప వెనుక కుడికాలును ముందఱి ఎడమకాలును జంటగా మోపును. కడపట ముందఱి కుడికాలు తక్కిన మూటికంటెను ముందుకు సాగి నేలను తాకి, క్షణకాలము దేహభారమును తానొక్కటియే మోసి, నేలను విడుచును. అప్పుడు నాలుగు కాళ్లును గాలిలో నుండును. ఎడమ లీడ్‌లో ఈ క్రమమంతయు కుడియెడమలు తాఱుమాఱై నడచును. కడపట మోపి అన్నిటికంటె ముందుకు సాగు కాలు ఏ వైపుదో ఆ వైపు పేరే లీడ్‌కు పెట్టిరి గాని, అంగ నిజముగా పుట్టునది ఆ కాలిలో గాక, దానికి ఎదురు మూలనున్న వెనుకకాలిలోనని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; తరువాత చెప్పబోవునదంతయు ఈ యొక్క సంగతిపై ఆధారపడి యున్నది.

గుఱ్ఱము కుడివైపునకు తిరుగునపుడు కుడి లీడ్‌లోను, ఎడమవైపునకు తిరుగునపుడు ఎడమ లీడ్‌లోను ఉన్నచో వంపులో దాని దేహము నిలకడగా నుండును. అందుకు విరుద్ధముగా నున్నచో, శిక్షణ లేని గుఱ్ఱమునకు త్రోవ తప్పి కాలు కాలికి తగిలినట్లగును. కనుకనే పోలో ఆటలో బంతివెంట ఇటునటు మరలు గుఱ్ఱములకును, అడ్డుకట్టెలను దాటి వెంటనే మలుపు తిరుగవలసిన గుఱ్ఱములకును పరుగాపకుండ లీడ్ మార్చుకొను నేర్పు అవసరము. పందెపు గుఱ్ఱములును అట్లే చేయును: మలుపులో ఒక లీడ్‌పై వచ్చిన గుఱ్ఱము తిన్నని దారిలోనికి వచ్చినంతనే రెండవ లీడ్‌కు మారి, అలసిన కాళ్లకు కొంత విశ్రాంతి నిచ్చుకొని, క్రొత్త బలముతో సాగును. హైదరాబాదున మలక్‌పేట మైదానమునకు పోవువారు పందెము ఎవరు గెలిచిరన్న ఆతురతను ఒక్కసారి విడిచి, కడపటి మలుపు దాటు చోట దుర్భిణితో ముందఱికాళ్లను మాత్రమే చూచినచో ఈ మార్పును కన్నులార చూడవచ్చును. అంతయేల, పచ్చికబయలులో తల్లిచుట్టు గంతులు వేయు నెలల పిల్ల సైతము, ఎవ్వరును నేర్పకయే, దిక్కు మార్చిన ప్రతిసారియు గాలిలో అడుగు మార్చుచుండును.

ఇందువలన ఒక విషయము స్పష్టమగుచున్నది. అడుగు మార్చుట గుఱ్ఱమునకు జన్మతః తెలిసిన విద్య. శిక్షకుడు దానికి నేర్పవలసినది రెండే: ఒకటి, వీపుమీద మనుష్యభారమున్నను తన సమతూకమును చెడగొట్టుకొనకుండుట, రెండవది, తన యిచ్చవచ్చినప్పుడు గాక, అడిగినప్పుడు మార్చుట. కాని ఆ అడుగుట సరియైన క్షణమున జరుగవలెను గదా! అది నేర్వవలసినవాడు రౌతు. ఫ్లయింగ్ చేంజ్ సాధన యని మనము పిలుచుదానిలో పెద్దపాలు మనుష్యుని సాధనయేనని నా యభిప్రాయము.

ఆ క్షణము మిక్కిలి చిన్నది. చక్కగా కూడదీసికొన్న క్యాంటర్‌లో గుఱ్ఱము నిమిషమునకు రమారమి 100 అంగలు వేయును. అనగా ఒక్కొక్క అంగకు పట్టునది ఒక సెకనులో మూడింట రెండు వంతులకంటె తక్కువ. అందులోను కాళ్లన్నియు గాలిలోనుండు కాలము స్వల్పాతిస్వల్పము. మనుష్యుని కన్ను దానిని పట్టుకొనజాలదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో వద్ద, లీలండ్ స్టాన్‌ఫర్డ్ ప్రోత్సాహమున, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా నిలిపిన కెమెరాలతో పరుగెత్తు గుఱ్ఱమును ఛాయాచిత్రములు తీయువఱకు, ముందఱికాళ్లను ముందుకును, వెనుకకాళ్లను వెనుకకును చాచి గుఱ్ఱము గాలిలో తేలునట్లు మహాచిత్రకారులు సైతము చిత్రించుచుండిరి. ఛాయాచిత్రములలోనో, కాళ్లు నాలుగును కడుపుక్రిందికి ముడుచుకొని యున్నప్పుడే గుఱ్ఱము గాలిలో నుండుట కనబడెను. కన్ను పట్టుకొనలేని దానిని రౌతు తన నడుముతో, జీనుపై నానిన ఎముకలతో, తొడలతో పట్టుకొనవలెను. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు సేనాని జెనొఫన్ అశ్వారోహణమును గూర్చి వ్రాసిన గ్రంథములో, గుఱ్ఱము ట్రాట్‌లో కుడికాలు మోపుచున్నప్పుడు సంజ్ఞ చేసినచో ఎడమకాలు ముందుకు సాగించి పరుగందుకొనునని బోధించియున్నాడు. సంజ్ఞకు బలముకంటె సమయము ముఖ్యమని రెండు వేల యేండ్లకు మునుపే తెలిసియుండెనన్నమాట.

ఇక సాధనక్రమము. పిల్లలు గుఱ్ఱపాట ఆడుచు ఒక కాలు ముందుంచి దుముకుచు పోవుట అందఱును చూచినదే. ఆ పరుగాపకుండ రెండవకాలు ముందునకు తేవలెనన్న పిల్లవాడు ఒక్క యంగను కొంచెము ఎత్తుగా దుముకును, దేహము నిటారుగా నుంచుకొనును. గుఱ్ఱమునకు కావలసినవియు ఆ రెండే: క్యాంటర్‌లో ఎత్తు, దేహములో తిన్నదనము. పరుగు చప్పబడి నేలబారుగా పోవు గుఱ్ఱమునకు గాలిలో నిలుచు కాలమే లేదు గనుక అడుగు మార్చుకొను తీరిక యుండదు. తిన్నదనము సంగతి యింతకంటె కష్టము. మనలో కుడిచేతివాటము, ఎడమచేతివాటము ఉన్నట్లే ప్రతి గుఱ్ఱమునకును ఒక ప్రక్క వాటము కలదు. ఒక వైపునకు సులువుగా వంగును, మఱియొక వైపు బిఱ్ఱబిగియును. క్యాంటర్‌లో తుంటిని లోపలికి నెట్టుకొని వంకరగా పోవును. వంకరగా పోవు గుఱ్ఱమును మార్పు అడిగినచో ఒక వైపునుండి రెండవ వైపునకు ఊగులాడుచు మారునే కాని ముందుకు సాగి మారదు. ఈ వంకర తీర్చుటకే నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును.

అందుకు మొదటి మెట్టు క్యాంటర్‌నుండి నడకకును, నడకనుండి క్యాంటర్‌కును నడుమ ట్రాట్ అంగ యొక్కటియు పడకుండ మాఱుట. పిదప ఒక లీడ్‌పై పరుగెత్తుచు నడకకు దిగి, మూడు నుండి అయిదడుగులు నడిచి, రెండవ లీడ్‌పై మరల పరుగందుకొనుట. దీనికి ‘సింపుల్ చేంజ్’ అని పేరు. పేరులో సులభమన్నమాట యున్నను సులభమైన పని గాదు. గుఱ్ఱము వెనుకకాళ్లను కడుపుక్రిందికి తెచ్చి భారమును వానిపై నిలుపుకొననిచో నడకకు దిగునపుడు ముందుకు తూలును. తరువాతిది ‘కౌంటర్ క్యాంటర్’, అనగా ఎడమవైపు తిరుగుచును కుడి లీడ్‌నే విడువకుండుట. గుఱ్ఱమునకిది స్వభావవిరుద్ధము, వంపులో ప్రతి అంగకును మార్చుకొనవలెనని దాని మనస్సు చెప్పును, మార్చవద్దని రౌతు సంజ్ఞ చెప్పును. ఇందు గట్టిపడిన గుఱ్ఱమే, తరువాత మార్పు నేర్చినప్పుడు తొందరపడక అడిగినంతవఱకు వేచియుండును. సాధారణముగా ఈ మెట్లన్నియు దాటునప్పటికి గుఱ్ఱమునకు అయిదారేండ్ల వయస్సు వచ్చును. అంతర్జాతీయ పోటీలలోను ఆరేండ్ల గుఱ్ఱముల పరీక్షలోనే ఈ మార్పు కనబడును.

మొదటిసారి ఎక్కడ అడుగవలెను? ఈ ప్రశ్నకు శిక్షకులు ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానము చెప్పుదురు. గుఱ్ఱమును బట్టి అన్నియు నిజమే. కొందఱు ఎనిమిది అంకె ఆకారమున రెండు వలయములను నడిపి, అవి కలియుచోట, ఒక వంపు ముగిసి రెండవ వంపు మొదలగునపుడు అడుగుదురు. కొందఱు గోడవెంట కౌంటర్ క్యాంటర్‌లో తెచ్చి, మూలకు చేరకముందు, మలుపు గుఱ్ఱమునకే మార్పును స్ఫురింపజేయు చోట అడుగుదురు. మఱికొందఱు గుఱ్ఱమును ప్రక్కకును ముందుకును నడుపుచు గోడను సమీపించి, తిన్నగా చేసి, అప్పుడు అడుగుదురు. ఏ చోటైనను నేలపై ఒక వాసమును పడవేసి దానిమీదుగా దూకించి మార్పించు పద్ధతి యొకటి కలదు గాని అది నా మనస్సునకు రుచింపదు. వాసమును దాటుటలో గుఱ్ఱము ముందుభాగమునే ఎత్తి ముందఱికాళ్లను మార్చుకొని, వెనుకకాళ్లను ఒక అంగ ఆలస్యముగా మార్చుకొను నలవాటు పడవచ్చును. ఆ అలవాటు పడినదా, దానిని మాన్పుట క్రొత్తగా నేర్పుటకంటె పదింతలు కష్టము.

కుడి లీడ్‌నుండి ఎడమకు మార్చుటను ఉదాహరణముగా తీసికొందము. అంతవఱకు రౌతు ఎడమకాలు జీను బిగించిన పట్టీకి వెనుకగాను, కుడికాలు పట్టీ దగ్గఱను ఉండును. మార్పునకు రెండు మూడు అంగల ముందు అతడు నడుము నిలిపి, పగ్గములను క్షణము పట్టి విడిచి, గుఱ్ఱమును మేల్కొలుపును. పరుగు వేగము పెరుగక ఎత్తు పెరుగును. అటుపై, ముందఱి కుడికాలు నేల మోపుచున్న క్షణమున, అనగా గుఱ్ఱము గాలిలోనికి లేవబోవునప్పుడు, అతని కుడికాలు వెనుకకు జరిగి మెల్లగా తాకును, ఎడమకాలు పట్టీ దగ్గఱకు వచ్చును, ఎడమ తుంటి వెండ్రుకవాసి ముందుకు సాగును, ఎడమ పగ్గము మెత్తబడి ఎడమ భుజమునకు త్రోవ యిచ్చును. గాలిలో నున్నప్పుడు అడిగినచో ఆలస్యమైపోవును. వినుటకును చేయుటకును గుఱ్ఱమునకు వ్యవధి కావలెను గదా. సంజ్ఞ సరిగా నందినచో, ఆ గాలిలోని క్షణమునందే వెనుకకాళ్లు తమ పనులను మార్చుకొని, తరువాతి అంగను వెనుక ఎడమకాలికి బదులు వెనుక కుడికాలు ఆరంభించును. ముందఱికాళ్లు దాని ననుసరించును. పైకి చూచువారికి ముందఱికాలు మారినట్లే తోచును. అనుభవజ్ఞుడైన న్యాయనిర్ణేత మాత్రము వెనుకకాళ్లనే చూచును.

ఇక్కడ రౌతులు చేయు సామాన్యదోషమొకటి చెప్పవలెను. మార్పునకు సాయపడుదమను కోరికతో తన దేహమును ఎడమకు విసరుట, తలవంచి ముందఱికాలు మారినదా లేదా అని చూచుట. అయిదు వందల కిలోల జంతువు సన్నని కాళ్లపై సమతూకమును నిలుపుకొని గాలిలో నుండగా, దాని వీపుపై మనుష్యుడొక్కడు ప్రక్కకు ఒరగిన ఫలమెట్టిదో ఊహింపవచ్చును. గుఱ్ఱము ముందఱికాళ్లను మార్చి వెనుకకాళ్లను మార్చకపోవును. ముందు ఎడమ లీడ్, వెనుక కుడి లీడ్ అయి, పరుగు మెలిపడి, జీనుపై కూర్చున్నవాడు కుదుపులు తినును. అప్పుడు దానిని దండించుట అన్యాయము. ట్రాట్‌కు దింపి, శాంతింపజేసి, క్యాంటర్‌ను మరల సరిచేసికొనిన పిదపగాని అడుగరాదు. కొరడాతోనో ఆరెలతోనో అదలించి మార్పించిన గుఱ్ఱము ఆ చోటిని జ్ఞాపకముంచుకొనును. మైదానపు నడిబొడ్డునకు వచ్చునప్పటికే చెవులు వెనుకకు వాల్చి, పరుగు పెంచి, పారిపోవ జూచును. అడుగు సరిగా మారిన తొలిదినమున, అది ఒక్కసారియే యైనను, పగ్గములు వదలి, మెడ నిమిరి, జీనునుండి దిగి, దానిని లాయమునకు నడిపించుకొని పోవలెనని పెద్దలు చెప్పుదురు. ఇంకొక్కసారి యను ఆశవలన చెడిన గుఱ్ఱములు లెక్కకు మిక్కిలి. మన కథలలో నలుడు అశ్వహృదయవేత్త యని ప్రసిద్ధి. ఋతుపర్ణునికి అక్షహృదయమునకు ప్రతిగా అతడిచ్చినది ఆ విద్యయే. హృదయమని పేరుగల విద్యను కొరడాతో సాధింపబూనుట తగదు.

ఒక్క మార్పు కుదిరిన గుఱ్ఱమునకు పిదప వరుస మార్పులు నేర్పుదురు. ప్రీ సేంట్ జార్జ్ అను స్థాయి పరీక్షలో నాలుగంగల కొకటి చొప్పున అయిదు, మూడంగల కొకటి చొప్పున అయిదు మార్పులు చేయవలెను. గ్రాన్ ప్రీ స్థాయిలో రెండంగల కొకటిగా తొమ్మిది, ప్రతి అంగకు నొకటిగా పదునైదు. ఈ చివరి దానిలో గుఱ్ఱము ఒక కాలు ముందిడి, వెంటనే రెండవ కాలు ముందిడి పోవును; ఒక సంజ్ఞ ఫలించుచుండగనే తరువాతి సంజ్ఞ చేయవలెను గనుక రౌతు మనస్సులో లెక్క ఏమాత్రము తప్పరాదు. దీనిని తొలుత ప్రదర్శించిన కీర్తి ఫ్రెంచి అశ్వశిక్షకుడు ఫ్రాన్స్వా బోషేకు దక్కినది. 1796లో జన్మించిన ఈతడు పారిస్ సర్కసులలో పార్టిజాన్ మొదలగు గుఱ్ఱములపై చేసిన విన్యాసములు నగరమంతటను సంచలనమును కలిగించెను. 1842లో తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. దానిపై చెలరేగిన వివాదము చాలకాలము చల్లారలేదు. జర్మనీలో లూయీ జేగర్ 1852లో బోషేను ఖండించుచు ఒక పుస్తకమునే వ్రాసెను. అతని శిష్యుడు గుస్టావ్ స్టైన్‌బ్రెఖ్ట్ సైతము గుఱ్ఱమును ముందుకును తిన్నగాను నడుపుటయే విద్యకు మూలమని పట్టుపట్టి బోషే మార్గమును నిరసించెను. అంగ కొక మార్పు గుఱ్ఱమునకు సహజమా, సర్కసు విద్యయా అన్నది వారి కలహములో ఒక ముఖ్యాంశము. స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱము ఒక మార్పు చేయునే కాని పదునైదు వరుసగా చేయదన్నది నిజమే. అయినను తిన్నని దేహముతో, భయము లేని మనస్సుతో అది చేసినప్పుడు చూచినవారు దానిని వికృతమనజాలరు. ఈ విషయమున నేను బోషే పక్షముననే యుందును. అతని పద్ధతిలోని తక్కిన భాగములను గూర్చి స్టైన్‌బ్రెఖ్ట్ పలికిన ఆక్షేపణలు మాత్రము కొట్టిపాఱవేయదగినవి కావు.

ఈ విద్యలో కాలిబలమునకు గల స్థానమెంతయో తెలుపు జీవితమొకటి కలదు. డెన్మార్క్ దేశపు అశ్వారోహకురాలు లిస్ హార్టెల్‌కు 1944లో, ఇరువది మూడేండ్ల వయస్సున, గర్భవతియై యుండగా పోలియో వ్యాధి సోకెను. బిడ్డ ఆరోగ్యముగనే పుట్టెను గాని ఆమెకు మోకాళ్ల దిగువ పట్టు మరల రాలేదు. గుఱ్ఱము నెక్కుటకును దిగుటకును ఇతరుల సాయము కావలసివచ్చెను. అంతవఱకు సైనికాధికారులకే పరిమితమైయున్న ఒలింపిక్ డ్రెస్సేజ్ 1952లో హెల్సింకీలో స్త్రీలకును తెఱువబడగా, ఆమె జూబిలీ అను గుఱ్ఱముపై పోటీచేసి రజతపతకమును గెలిచెను. 1956లో మరల రజతమునే గెలిచెను. కాలితో తాకి చెప్పవలసిన సంజ్ఞలను ఆమె నడుముతోను, కూర్చున్న బరువును వెండ్రుకవాసి అటునిటు మార్చుటతోను చెప్పగలిగెను. జూబిలీ వాటిని వినెను. కాలితో గట్టిగా పొడిచినగాని గుఱ్ఱము మాటవినదని వాదించువారికి ఇంతకంటె సమాధానము వేఱేమి కావలెను?

మన తెలుగునాట గుఱ్ఱపు స్వారి నేర్చుకొను అవకాశములు తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణ పొందువారికి అది పాఠ్యాంశమే. పోలో ఆటకు నిజాముల కాలమునుండి ఆ నగరమున స్థానమున్నది. ఈ విద్యను ఆశించువారు ఎక్కడ నేర్చినను, వియన్నా నగరపు స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో అనుసరించు ఒక ఆచారమును తెలిసికొనుట మేలు. 1735లో పూర్తియైన తెల్లని విశాలమందిరమున లిపిజానర్ జాతి మగగుఱ్ఱములకు శిక్షణ యిచ్చు ఆ విద్యాలయమునకు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కాంస్యపతకము పొందిన అలోయిస్ పోడ్హాయ్‌స్కీ 1939 నుండి 1964 వఱకు అధిపతిగా నుండెను. అక్కడ చేరిన క్రొత్త విద్యార్థికి మొదట పగ్గములు గాని రికాబులు గాని ఇయ్యరు. గురువు పొడవైన త్రాటితో తనచుట్టు త్రిప్పు గుఱ్ఱముపై అతడు చేతులు కదల్పక, దేహము బిగింపక, దాని వీపు కదలికను తన నడుముతో గ్రహించుచు చాలకాలము కూర్చుండవలెను. ఆ పిమ్మట విద్యనంతయు నేర్చి ముదిసిన గుఱ్ఱముల నతనికి గురువులుగా నిత్తురు. మార్పు ఎప్పుడడుగవలెనో అతనికి తెలియకున్నను గుఱ్ఱమునకు తెలియును. అతడు క్షణము తప్పి అడిగినచో అది మారదు, సరిగా అడిగినచో మారును. ఆ భేదము అతని నడుమునకు తెలిసివచ్చిన తరువాతనే, ఏమియు నేర్వని లేతగుఱ్ఱము నొకదానిని అతని చేతికి అప్పగింతురు.